సూపర్వైజర్ మా ఇంటికొచ్చిన వానాకాలం

ఫ్యాక్టరీ గేటుకి తాళం వేసిన పెద్దమనుషులారా, మిమ్మల్నే అంటున్నాను. ఆ వానాకాలం మా ఇంట్లో ఒక ముసలి పిల్లి బీరువా ఎక్కి కూచుని, తిండి మానేసి, చావుకి సిద్ధమైందంటే దానికి కారణం మీరు. మా అత్తయ్య పెట్టె సర్దుకుందంటే దానికీ కారణం మీరే. పిల్లికీ లాకౌట్‌కీ సంబంధమేంటని మీ మేనేజరు నవ్వాడట. నవ్వనీ. సంబంధమేంటో చెప్తాను, కూచుని వినమనండి. నాకు చదువు తక్కువ, గొంతు ఎక్కువ. వంకర్లు తిప్పి రాయడం చేతకాదు.

మేం చేసేది పాత గోనెసంచులు బాగుచేసే పని. ధాన్యం మోసి మోసి చిరిగిన సంచులు లారీల్లో వస్తాయి. దులుపుతాం, చిరుగులు కుడతాం, కట్టలు కడతాం. కుట్లలో ఇరుక్కున్న గింజలు నేలమీద రాలతాయి. గింజలున్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పిల్లి. మా షెడ్డులో పిల్లికి మేం పెట్టుకున్న పేరు సూపర్వైజర్. తోక పైకెత్తుకుని మిషన్ల మధ్య తిరగడం, ఒక్కో మిషన్ దగ్గర ఆగి తప్పు పట్టినట్టు చూడడం, ఆ తర్వాత మెత్తటి కట్ట ఒకటి చూసుకుని పడుకోవడం. ఈ పేరు సంగతి తెలిసి అసలు సూపర్వైజరుకి కోపమొచ్చింది. తెలిస్తే పిల్లికీ వచ్చేది. అది కనీసం ఎలుకల్ని పట్టేది.

గేటు మూసిన రోజు మీరు మిషన్ల మీద టార్పాలిన్ పట్టాలు కప్పించారు, కిటికీలకి చెక్కలు కొట్టించారు, సంచుల కట్టలు తడవకుండా ఎత్తు మీద పేర్పించారు. పిల్లి సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. మేం గేటు బయట టెంటు వేసుకున్నాం. అది లోపలుండిపోయింది. కొత్త సంచులు రాక గింజలు లేవు, గింజలు లేక ఎలుకలూ లేవు. అది దూరేంత సందు లేని ఊచల్లోంచి మేం తినేదాంట్లో దానికింత పెట్టేవాళ్ళం. మీకు అదీ కంటగింపైంది. మా మొహాలు కనపడకుండా ఊచల గేటుకి ఇనపరేకు కొట్టించారు. అప్పట్నుంచి మాకు రేకు వెనక అరుపు ఒక్కటే మిగిలింది. వాన చప్పుడులో ఆ అరుపు రోజురోజుకీ సన్నబడుతుంటే టెంటులో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

ఒకరోజు లేచి రేకు మీద దబదబా కొట్టాను. అవతల కాపలాదారు పలికాడు.

"ఏంటక్కా?"

"పిల్లిని బయటికి పంపు."

"ఆర్డరు లేదక్కా."

"పిల్లికి ఆర్డరేంటి తమ్ముడూ? దానికి జీతం ఇచ్చారా, నోటీసిచ్చారా?"

"లోపలి వస్తువేదీ బయటికి పోకూడదన్నారు."

"అది వస్తువా?"

కాసేపటికి గేటు పక్కనున్న చిన్న తలుపు ఓరగా తెరుచుకుంది. మూతికి తాడు కట్టిన గోనెసంచి ఒకటి బయట పడింది. సంచి కదులుతోంది.

"చిరుగు సంచి. పనికిరాదని పారేస్తున్నా," అన్నాడు లోపల్నుంచి. తలుపు మూసుకుంది.

టెంటు మొత్తం చప్పట్లు కొట్టింది. నాకు చప్పట్లు వినపడితే స్టూలెక్కే జబ్బుంది. ఎక్కాను. "ఈ గేటు బయటికొచ్చిన ఏ ప్రాణినీ మనం రోడ్డు మీద వదలం" అన్నాను. మళ్ళీ చప్పట్లు. స్టూలు దిగి చూస్తే అందరూ ఎటోటు చూస్తున్నారు. ఒకావిడ ఇంట్లో కుక్కుందట. ఒకాయనకి తుమ్ములట. నా పక్క మిషన్ మీద కుట్టే లావక్క మాత్రం నిజం చెప్పింది: "నాకు పిల్లులంటే అసహ్యం. మాటిచ్చింది నువ్వు, మొయ్యి." పిల్లి మెడలో గంట కట్టేవాళ్ళు దొరకరంటారు. పిల్లికి గిన్నె పెట్టేవాళ్ళు దొరకడం అంతకంటే కష్టం.

మొయ్యడం కష్టం కాదు. మా ఇంట్లో అప్పటికే ఒక పిల్లుంది.

అది మా అత్తయ్య పిల్లి. తెల్లది, ముసలిది, నడిస్తే నేల మీద దయతో నడుస్తున్నట్టుంటుంది. పేరు దొరసాని. పెళ్ళైన కొత్తలో "కూలివాళ్ళ ఇంట్లో ఇదేం పేరత్తయ్యా?" అనడిగాను. "దాన్ని చూసి ఇంకో పేరు చెప్పు, మారుస్తాను" అంది. నాకు తట్టలేదు. ఇప్పటికీ తట్టలేదు.

సంచి పట్టుకుని వెళ్ళేసరికి మా ఆయన గుమ్మంలో ఉన్నాడు. బస్సు డ్రైవరు. ఇంట్లో కూడా మలుపు తిరిగేముందు హారన్ కొట్టినట్టు దగ్గుతాడు.

"సంచిలో ఏంటి?"

"సూపర్వైజర్."

రెండడుగులు వెనక్కి వేశాడు. "కిడ్నాప్ దాకా వెళ్ళారా?"

లోపల్నుంచి అత్తయ్య వచ్చి, తాడు విప్పి చూసి, మళ్ళీ కట్టేసింది. "చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికెళ్ళిందట వెనకటికి నీలాంటిదే. తెచ్చేముందు ఉన్నదాన్ని అడిగావా?"

"దొరసానినా?"

"మరి? ఇల్లు దానిది. మనం ఊరికే ఉంటున్నాం."

"ఆకలితో చచ్చిపోయేది అత్తయ్యా."

"పెట్టొద్దన్నానా? అడిగావా అన్నాను."

నేను వినలేదు. నాకు నా పద్ధతుంది. గొడవున్న ఇద్దర్నీ ఒక గదిలో కూచోబెట్టాలి, తలుపు గడియ పెట్టాలి, మధ్యలో ఒకే పళ్ళెం పెట్టాలి. ఒక పళ్ళెంలో తిన్నవాళ్ళు కొట్టుకోలేరు. ఎడమొహం పెడమొహంగా ఉన్న రెండు యూనియన్లని ఒకే టెంటులోకి తెచ్చింది ఆ పద్ధతే. ఇంతమందిని కలిపినదాన్ని, రెండు పిల్లుల్ని కలపలేనా? ముందు గదిలో దొరసాని. పళ్ళెంలో ఉడికించిన చేప. గడియ పెట్టి సంచి విప్పాను. ఉపన్యాసం ఇవ్వలేదు గానీ, నోట్లో సిద్ధంగానే ఉంది.

దొరసాని లేచి నిలబడింది. ఒళ్ళు రెట్టింపైంది. గొంతులోంచి ఒక చప్పుడొచ్చింది, అలాంటి చప్పుడు ఆ పిల్లిలో ఉందని అత్తయ్యకే తెలీదు. సూపర్వైజర్ చేపని చూశాడు. వాడికి కనపడింది చేప ఒక్కటే. అటు ఉరికాడు.

తర్వాత ఏది ముందు జరిగిందో చెప్పలేను. పళ్ళెం ఎగిరింది. కర్టెను ఊడి పడింది. విడదియ్యబోయిన అత్తయ్య చేతి మీద గీరుకుపోయి రక్తం వచ్చింది. "గడియ తియ్యి, ముందా గడియ తియ్యి" అని ఆవిడ, గడియ ఎటు పెట్టానో మర్చిపోయి నేను. తీసేసరికి సూపర్వైజర్ మా పడగ్గది మంచం కిందకి, దొరసాని ముందుగది బీరువా మీదకి. బీరువా మీద మా బ్యానర్ల మూటుంది. అన్నిటికంటే పైన 'ఐక్యత' అని రాసినది. దొరసాని దాని మీద మూత్రం పోసింది. నా పద్ధతి గురించి దాని అభిప్రాయం అదీ.

నవ్వుకున్నది ఆ ఒక్క సాయంత్రమే. ఆ తర్వాత దొరసాని దిగలేదు. తినలేదు. అత్తయ్య స్టూలేసుకుని, కట్టు కట్టిన చేత్తో చేపముక్క నోటి దగ్గర పెడితే మొహం గోడకి తిప్పుకుంది. నీళ్ళ గిన్నె పైన పెడితే దాంట్లో మాత్రం ఒకసారి మూతి పెట్టింది. సూపర్వైజరేమో మంచం కింద తిని, మంచం కిందే పడుకుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా బీరువా వైపు చూసేవాడు. వాడికి కోపం లేదు. వాడికి ఎక్కడున్నాడో తెలీదు, అంతే.

నేను టెంటునుంచి వచ్చేసరికి అత్తయ్య మంచం మీద పెట్టె తెరిచుంది. దుప్పట్లు, దువ్వెన, మందుల సీసాలు లోపలికి పోతున్నాయి.

"దాన్ని తీసుకుని నా కూతురింటికి పోతున్నాను."

"మీ అమ్మాయికి పిల్లి బొచ్చు పడదు కదా అత్తయ్యా."

"నాకు నీ మీటింగులు పడ్డాయా? సర్దుకున్నాను. అదీ సర్దుకుంటుంది."

మా ఆయన దగ్గి లోపలికొచ్చాడు. "ఒక ఒరలో రెండు కత్తులు ఎలా ఇముడుతాయమ్మా" అన్నాడు.

"ఏ రెండింటి సంగతి మాట్లాడుతున్నావురా?" అంది అత్తయ్య.

ఇంకోసారి దగ్గి, వచ్చినదారినే వెళ్ళిపోయాడు.

అక్కడికొచ్చి ఆగింది మా బతుకు. సూపర్వైజర్ని రోడ్డు మీద వదిలితే టెంటులో నా మాటకి విలువుండదు, అంతకంటే ముందు వాడి ప్రాణం ఉండదు. ఉంచితే అత్తయ్య వెళ్ళిపోతుంది, దారిలోనో కూతురింట్లోనో దొరసాని పోతుంది. అత్తయ్యతో నాకు పొద్దున లేస్తే తగువే. కానీ తగువు పెట్టుకోవడానికి ఆ మనిషి లేని ఇల్లు నాకు ఊహకందలేదు.

పెట్టె మూత వెయ్యకముందే దొరసానిని దుప్పట్లో చుట్టి, వానలో ఇద్దరం పశువుల డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆవిడ కళ్ళు చూసింది, పొట్ట నొక్కింది.

"ముసలి పిల్లి ఇలా తినకుండా ఉంటే కాలేయం పాడవుతుంది. ఇంకా ఆలస్యం చేస్తే నేనేం చెయ్యలేను. ఇంట్లో ఏం మారింది?"

చెప్పాను. గడియ సంగతి, పళ్ళెం సంగతి కూడా.

"ఒకటే పళ్ళెమా?"

"అందరూ సమానమని..."

"మీరు గేటు దగ్గర మాట్లాడతారు కదా, విన్నాను. బాగా మాట్లాడతారు. వీటితో మాట్లాడకండి." సూది మందు ఎక్కిస్తూనే చెప్పింది. "కొత్తదాన్ని ఒక గదిలో పెట్టి తలుపు మూసెయ్యండి. పాతదానికి మిగతా ఇల్లంతా ఎప్పటిలాగే ఉండాలి. దాని చోటు, దాని గిన్నె ఎవరూ ముట్టుకోకూడదు. తువ్వాలుతో దీన్ని తుడిచి దాని దగ్గర వెయ్యండి, దాన్ని తుడిచి దీని దగ్గర వెయ్యండి. మొహం చూడకముందు వాసన అలవాటవ్వాలి. తలుపుకి అటొక గిన్నె, ఇటొక గిన్నె. తొందరపడితే మళ్ళీ మొదటికొస్తారు."

"అంటే వేరు పెట్టమంటారా?" అన్నాను. నాకు ఆ మాటంటేనే మంట.

అత్తయ్య నా భుజం మీద ఒకటి వేసింది. "పెట్టమన్నారు. పద."

అలా మొదలైంది. పడగ్గదిలో సూపర్వైజరూ నేనూ, బయట దొరసానీ అత్తయ్యా, మధ్యలో మూసిన తలుపు. మా ఆయన వంటింట్లో పడుకోవడం మొదలుపెట్టాడు, పైగా బస్సులో కంటే నయం అన్నాడు. సూది మందు పనిచేసిందో, బీరువా కింద శత్రువు లేడని నమ్మకం కుదిరిందో, దొరసాని దిగి వచ్చి ఇంత చేప తింది. అత్తయ్య నాకు చెప్పలేదు. ఖాళీ గిన్నె తెచ్చి నా ముందు పెట్టి పోయింది. ఆ గిన్నె చూసి ఎంత ఊపిరి వదిలానో, అంత ఊపిరి ఇన్నాళ్ళూ ఎక్కడ పట్టుకున్నానో నాకే తెలీదు.

తువ్వాలు మొదటిసారి వేసినప్పుడు దొరసాని దాన్ని తిట్టింది, చరిచింది, వెళ్ళిపోయింది. రెండోసారి తిట్టింది, వెళ్ళలేదు. తర్వాతెప్పుడో దాని మీద కూచుంది, అది తువ్వాలు కాదు, తనకోసం పరిచిన తివాచీ అన్నట్టు.

తలుపు దగ్గర తినిపించడం ఇద్దరం ఒకేసారి చెయ్యాలి. నేను ఇటు నేల మీద, ఆవిడ అటు నేల మీద. గిన్నెలు తలుపుకి దూరంగా మొదలుపెట్టి కొంచెం కొంచెం దగ్గరికి జరపాలి. అవి తినేదాకా కదలకూడదు. ఊరికే కూచుంటే ఏం చేస్తాం, మాట్లాడుకున్నాం. ఎదురెదురుగా అయితే మా ఇద్దరికీ మూడో మాటకి గొడవ. తలుపు అడ్డముంటే ఆవిడ కళ్ళు నాకు కనపడవు, నా చేతులు ఆవిడకి కనపడవు.

"అసలు గేటు దగ్గర మీరేం అడుగుతున్నారమ్మాయ్?" అంది ఒకసారి అవతల్నుంచి.

"దోపిడీ అంతం కావాలని..."

"నినాదం వద్దు. గొంతు తగ్గించు, అది తింటోంది. మామూలుగా చెప్పు."

మామూలుగా చెప్పడానికి చాలాసేపు పట్టింది. దుమ్ముకి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళని పన్లోంచి తీసెయ్యొద్దంటున్నాం అన్నాను. దులిపేచోట దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టమంటున్నాం అన్నాను. అంతే.

"అంతేనా?"

"అంతే."

"ఇది నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"రోజూ అరుస్తూనే ఉన్నాను కదత్తయ్యా."

"అరిచావు," అంది.

ఇంకోరోజు వ్యాన్ల గురించి అడిగింది. పిల్లి బయటపడిన కొన్నాళ్ళకే మీరు వెనకగేటునుంచి, అద్దాలకి గుడ్డలు కట్టిన వ్యాన్లలో ఎవరెవర్నో తెచ్చి మా మిషన్ల మీద కూచోబెట్టారు కదా. ఆ వ్యాన్ల మీద రాళ్ళు వెయ్యాలని టెంటులో రోజూ తర్జనభర్జన. లావక్క అప్పటికే రాళ్ళు ఏరి పెట్టింది.

"ఎవరు వాళ్ళు?" అంది అత్తయ్య.

"మా కడుపు మీద కొట్టడానికి వచ్చినవాళ్ళు."

"వాళ్ళంతట వాళ్ళు వచ్చారా, ఎవరైనా సంచిలో వేసుకుని తెచ్చారా?"

సూపర్వైజర్ గిన్నె నాకుతున్నాడు. తలుపు కింద సందులోంచి ఒక తెల్లటి పాదం ఇటు వచ్చింది. గోళ్ళు లోపలే ఉన్నాయి. వాడు నాకడం ఆపి దాన్ని వాసన చూశాడు. పాదం కాసేపు ఉండి, వెనక్కి పోయింది.

ఆ వారం తలుపు ఓరగా తీసి ఇటుక అడ్డం పెట్టాం. ఒకదాన్నొకటి చూసుకున్నాయి. దొరసాని బుస్సుమంది. మూసేశాం. మర్నాడు మళ్ళీ తీశాం. అత్తయ్యే చెప్పేది ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు మూయాలో. "ఇంకా కాదు" అంటే ఇంకా కాదు. నాకు చేతులు దురదపెట్టేవి. ఒక్కసారి పూర్తిగా తెరిచేస్తే తేలిపోతుంది కదా అనిపించేది. నోరు మూసుకున్నాను. నా నోరు అన్నాళ్ళు మూసుకుని ఉండడం మా ఆయన జీవితంలో చూళ్ళేదట.

వాన తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం అత్తయ్య ఇటుక తీసేసింది. నాకు చెప్పలేదు. నేను మంచం మీద కూచుని చిరిగిన బ్యానరు కుడుతున్నాను. తలుపు తెరుచుకుంది, దొరసాని లోపలికొచ్చింది. నేల మీద దయతో నడుస్తూ. నా సూది గాల్లోనే ఆగిపోయింది. సూపర్వైజర్ కిటికీ కింద ఎండలో ఉన్నాడు. చెవులు నిక్కబొడిచాడు గానీ లేవలేదు. దొరసాని మంచం కోడు వాసన చూసింది, నా చెప్పులు చూసింది, వాడి గిన్నె చూసింది. ఆ తర్వాత వాడివైపు వీపు తిప్పుకుని కూచుని, ముందు కాలెత్తి నాకుతూ మొహం కడుక్కోవడం మొదలుపెట్టింది.

వీపు తిప్పుకోవడమంటే ఏంటో నాకు తెలుసు. రాయి పట్టుకున్నవాడికి ఎవరూ వీపు తిప్పరు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి చాలాసేపు చూసింది. చివరికి, "నా మంచం కిందున్న పెట్టెలోంచి దుప్పటి తియ్యి," అంది, "చలేస్తోంది." నేను లేచి దుప్పటి తీశాను. చేయి పెట్టాను కదా అని దువ్వెనా, మందుల సీసాలూ కూడా తీసి, వాటి చోట్లో వాటిని పెట్టేశాను. ఆవిడ వద్దనలేదు. వంటింట్లోంచి మా ఆయన దగ్గు వినపడింది, ఆ దగ్గులో కూడా బరువు దిగింది.

అవి రెండూ ప్రాణస్నేహితులైపోలేదు. అలాంటి కథలు చెప్పేవాళ్ళని నమ్మకండి. దొరసాని గిన్నె జోలికి సూపర్వైజర్ పోడు. ఎండ పడే గచ్చుకి ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి పడుకుంటాయి. అప్పుడప్పుడు ఒక తిట్టు. చాలు. ఇల్లు నిలబడింది.

ఇక మీ సంగతి. చివరికి దిగొచ్చి దుమ్ము లాగే ఫ్యాన్లు పెడతామన్నారు, జబ్బు చేసినవాళ్ళని పన్లోంచి తియ్యబోమన్నారు. వచ్చే సోమవారం గేటు తెరుస్తామన్నారు. సంతోషం. కానీ మీ మేనేజరు టెంటుకొచ్చి ఇంకోమాట చెప్పి పోయాడు. మేమూ, వ్యాన్లలో వచ్చినవాళ్ళూ అందరూ ఒకే షెడ్డులోకి వెళ్ళాలట, ముందెవరు కూచుంటే ఆ మిషన్ వాళ్ళదట. అందరూ సమానమేనట. పైగా నవ్వాడు.

అతను వెళ్ళగానే లావక్క రాయి తీసింది. "సోమవారం లోపలికి పోగానే ముందు వాళ్ళని బయటికి ఈడుస్తా" అంది. టెంటంతా ఊగిపోయింది. నేను స్టూలెక్కలేదు. కింద కూచునే, గొంతు తగ్గించి, నాకు తెలిసింది చెప్పాను. లావక్క చాలాసేపు వాదించింది, పిల్లి బుద్ధులు మనుషులకి చెప్తావా అంది. చివరికి రాయి కింద పెట్టింది. పారెయ్యలేదు, పక్కన పెట్టింది. పారెయ్యడానికి కూడా వ్యవధి కావాలి.

కాబట్టి పెద్దమనుషులారా, మీరు సోమవారం లోపు చెయ్యాల్సింది ఇది. వ్యాన్లవాళ్ళని తరిమెయ్యమని మేం అడగట్లేదు. వాళ్ళని తెచ్చింది మీరు, ఆకలితో రోడ్డున పడెయ్యడానికి మీకు హక్కు లేదు. వెనక ఖాళీగా ఉన్న గోదాములో వాళ్ళకి వేరే మిషన్లు వెయ్యండి. మా షెడ్డులో ఎవరి మిషన్ వాళ్ళకి, ఎవరి చోటు వాళ్ళకి, గేటు మూసిన రోజు ఎలా ఉందో అలా ఉంచండి. గోదాముకీ షెడ్డుకీ మధ్య తలుపుంది. ఆ తలుపు మూసి ఉంచండి. గడియ మాత్రం మా వైపు పెట్టించండి. ఎప్పుడు తియ్యాలో మేమూ, వాళ్ళూ మాట్లాడుకుని చెప్తాం. అప్పటిదాకా ఆ గడియ మీద మీ చెయ్యి పడకూడదు.